ముప్పై ఏడు పళ్ల చక్రం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. పెరట్లో పిల్లిని చూసినా వీధిలోకొచ్చి చిరుతపులి అని చెప్పే అలవాటు నాది. కాబట్టి ఇందులో ఎండనూ, మనుషుల గొంతులనూ సగానికి కొట్టేసి చదువుకోండి.

యుద్ధం రోజులు. కడపలో మా పనిశాల. ఆ వేసవిలో మర మీద కోడిగుడ్డు పెడితే పిల్లయి కిందికి దూకి మంచినీళ్లు అడిగేది. మా యజమాని అరిస్తే బద్వేలులో ఎద్దులు పలుపులు తెంచుకునేవి. ఇనప చక్రాలకు పళ్లు కోసే మిల్లింగు మిషను జిల్లా మొత్తానికీ మాదొక్కటే. అదీ మా తాత కంటే ముసలిది, ఆయన కంటే గట్టిగా దగ్గేది.

చెనిక్కాయల మిల్లులో, అదే వేరుశనగల మిల్లులో, ఒక పళ్లచక్రం ముక్కలైంది. కొత్తది చేద్దామంటే యుద్ధంతో పోత ఇనుమే దొరకడం లేదు. యజమాని ఎవరెవరినో బతిమాలి ఒక గుండ్రటి బిళ్ల తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఉన్నది పెద్ద మేస్త్రీ, నేను.

“చూడండప్పా, ఒగటే బిళ్ల ఉండాది. దీన్ని చెడగొట్టినోడు మళ్లా ఈ గడప తొక్కేది ల్యా. ఎవురైనా సరే.”

మా ఇంట్లో ఆరు నోళ్లు. నాకు తెలిసిన పని ఇదొక్కటే. మేస్త్రీకి అరవై దాటాయి. ఇక్కడ తీసేస్తే ఆయన్ని పిలిచి పని ఇచ్చేవాళ్లు ఇంకెక్కడా లేరు.

లెక్క పలక మీద వేశాం. కావలసినవి ముప్పై ఏడు పళ్లు. మర పిడిని నలభై చుట్లు తిప్పితే బిళ్ల ఒక చుట్టు తిరుగుతుంది. నలభైని ముప్పై ఏడుతో భాగిస్తే ఒకటి, మిగిలేది మూడు. అంటే పన్నుకొకసారి పిడిని ఒక నిండు చుట్టు తిప్పి, పిడి వెనక పళ్లెంలో ఉన్న ముప్పై ఏడు చిల్లుల వరుసలో ఇంకో మూడు చిల్లులు జరిపి, అక్కడ పిడికున్న మేకు దించాలి. చిల్లుల హద్దు చూపే ఇత్తడి చేతులు ఎప్పుడో విరిగిపోయాయి. ఇక నోటిలెక్కే దిక్కు.

మేస్త్రీ చిల్లులు ఎంచుతున్నాడు, నేను తిప్పుతున్నాను.

“లాభం, రెండు, మూడు. దించబ్బీ.”

మా వైపు చెనిక్కాయలు కొలిచేటప్పుడు ఎవరూ ‘ఒకటి’ అనరు. చేతిలో ఉన్న మొదటి శేరే లాభం. ఆ అలవాటులో, మేకు అప్పటికే దిగి ఉన్న చిల్లు కూడా లాభమైపోయింది. మూడు చిల్లులు జరగాల్సిన చోట రెండే జరుగుతున్నాయి.

“మామా, మేకు ఉండే చిల్లు లెక్కలోకి రాదు గదా?” అన్నాను.

“నాకు తెలీదా? నీకు పాలపళ్లు రాకముందే చక్రాలకు పళ్లు పెట్టినా. తిప్పు.”

ముప్పై ఏడో పన్ను కూడా కోశాక చూస్తే బిళ్ల అంచున ఏనుగు పడుకునేంత చోటు మిగిలింది. పళ్లు మళ్లీ ఎంచాం. ముప్పై ఏడే. కొండ మీది దేవుణ్ణీ, దర్గానీ, చర్చినీ ఒకే గుక్కలో మొక్కి ఇంకోసారి ఎంచాను. ఖాళీ కదల్లేదు.

“ఇంకో పన్ను కోసేస్తే పాయె గదా మామా?”

“కోసి? జత చక్రంతో యాడ కలుస్తాది? మొదటి చుట్టులోనే ఇరిగిపోతాది.” వేలితో ఆ చోటు తడిమి చూశాడు. “అయిపాయె.”

యజమాని వచ్చాడు. బిళ్లను చూశాడు. ఆ రోజు మాత్రం అరవలేదు.

“ఎవురప్పా ఎంచింది?”

“నేనే అయ్యా. కండ్లు శానా మసకలైనాయి,” అన్నాడు మేస్త్రీ.

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఎండ, ఎద్దులు, ఏనుగు నేను పెంచినవి. కల్పించింది ఒక్కటే. మేస్త్రీ ఎంచాడన్నది. పళ్లు కోసినంతసేపూ ఆయన అవతల సానరాయి దగ్గర ఉన్నాడు. తిప్పిందీ నేనే, ఎంచిందీ నేనే. మేకు ఉండే చిల్లును లెక్కలోకి తీసుకోవద్దబ్బీ అని అటు నుంచి కేకేసి చెప్పింది ఆయన. నాకు తెలీదా మామా అన్నది నేను. యజమాని అడిగినప్పుడు నోరు తెరిచింది మాత్రం నిజంగా ఆయనే. నేను పక్కనే నిలబడి, పలక మీద లెక్క తుడుస్తూ ఉన్నాను.