మందార ఇంట్లోనే ఉంటే

2004లో గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న గేమ్ కంపెనీలో కథా విభాగం ఇన్‌ఛార్జిగా చేరాను. అంతకుముందు ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్‌ని. నా కింద ఇద్దరు రచయితలు, నా పైన హైదరాబాద్‌లో ఉండే ప్రాజెక్ట్ మేనేజర్ శ్రీకాంత్. మేము రాసేది కంప్యూటర్‌లో ఆడే మాయల మంత్రాల కథ. ఆడేవాళ్ల ముందు అక్కడక్కడా రెండు దారులు పెడతాం. ఏది నొక్కితే కథ అటు సాగుతుంది. ఆ దారిని బ్రాంచి అంటారు. బ్రాంచిలు ఒకదానితో ఒకటి పొసగేలా చూడటమే నా అసలు పని.

మా కథలో మాంత్రికుడి శాపంతో రాజ్యంలోని వెండిపత్తికి పురుగు పడుతుంది. కథానాయిక మందార ఒక రైతు కూతురు. ఒకచోట ఆమె శాపవిమోచన మూలిక కోసం కోటకి వెళ్లాలి, లేదా తండ్రి దగ్గర ఇంట్లోనే ఉండాలి. ఆ భాగం రాసింది సునీత. సత్తెనపల్లి పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, మాటలు తక్కువ. ఆమె రాసినదాంట్లో మందార ఏ దారి పట్టినా తండ్రి నదిలోకి నడిచి వెళ్లి చనిపోతాడు.

రివ్యూకి వచ్చిన శ్రీకాంత్ అక్కడే ఆగాడు.

"ఆడేవాడు ఇంట్లో ఉండటం ఎంచుకున్నాడు. అయినా తండ్రి పోతే ఇక ఎంపిక ఎందుకండీ? పైగా పొద్దున కూతురితో నవ్వుతూ మాట్లాడాడు. చావడానికి కారణమే కనపడట్లేదు. లాజిక్ లేదు."

"మా నాన్న కూడా నవ్వాడండి," అంది సునీత. "టీ పెట్టమన్నాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. గ్లాసు తీసుకుని వచ్చేసరికి పురుగుల మందు తాగేసి ఉన్నాడు. పత్తి పంట దెబ్బతిన్న ఏడాది అది."

శ్రీకాంత్ మర్యాదస్తుడే. క్షమించమన్నాడు. అయినా జీవితం వేరు, ఆట వేరు అన్నాడు.

మర్నాడే హైదరాబాద్ నుంచి ఆదేశం వచ్చింది. మందార ఇంట్లో ఉంటే తండ్రి బతకాలి, కోటకి వెళ్తే చనిపోవాలి. గేమ్ చేయించుకుంటున్న క్లయింటు కోరిక అదేనట. రెండు బ్రాంచిల్లోనూ చావు ఉంచడానికి కారణాలు చూపుతూ నేను జవాబు పంపాను. ఫోన్‌లోనూ వాదించాను. నిర్ణయం మీ స్థాయిలో లేదన్నారు.

విషయం సునీతకి చెప్పాను. తర్వాత నా టేబుల్ దగ్గరకి వచ్చింది.

"మా తమ్ముడు ఆ రోజు మిర్చి యార్డుకి వెళ్లాడు సార్. నేనుంటే ఆపేవాణ్ణని ఇప్పటికీ అంటుంటాడు. నేను ఇంట్లో ఉండి ఏం ఆపాను? ఇది రాస్తే, నిజమేరా, నువ్వు వెళ్లబట్టే నాన్న పోయాడని వాడితో నేనే అన్నట్టు. నేను రాయను."

ఆ వారమే రాజీనామా చేసింది. ఆ భాగాన్ని రెండో రచయిత పూర్తి చేశాడు. గేమ్ బయటికి వచ్చాక ఆడినవాళ్లు అన్నిటికన్నా మెచ్చుకున్నది ఆ సన్నివేశాన్నే. నాన్నని కాపాడుకోగలిగామని సంబరంగా మెయిళ్లు రాశారు. శ్రీకాంత్ వాటిని మా అందరికీ పంపాడు. కంపెనీలో ఆయనకి ప్రమోషన్ వచ్చింది.

కొన్నేళ్ల తర్వాత చీరాల స్టేషన్‌లో సునీత కనిపించింది. మార్టూరులో టీచరుగా చేస్తోందట. తమ్ముడి సంగతి అడిగాను.

"వాడూ మన గేమ్ ఆడాడు సార్," అంది. "మొదట కోటకే వెళ్లాడు. తర్వాత ఆట మళ్లీ మొదలుపెట్టి ఇంట్లో ఉన్నాడు. ఇక అదొక్కటే ఆడేవాడు. నాన్న బతికేదాకా ఆడి, ఆపేసి, మళ్లీ మొదటికి వచ్చేవాడు. చివరికి నేనే కంప్యూటర్ తీయించేశాను."

ప్రతి ఎంపికకీ ఫలితం ఉండాలన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. ఆడేవాళ్లకి అది తృప్తినిస్తుంది, అందుకే పెట్టారు. ఎవరి చేతిలోనూ లేని చావుకి ఆ సూత్రాన్ని తగిలిస్తే, బతికి ఉన్నవాళ్లలో ఒకరిని దోషిగా నిలబెట్టినట్టే. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. ఆ సూత్రం మాత్రం నేను రిటైరయ్యే దాకా మారలేదు.