పైడమ్మ జట్టు ఆఖరి ఆట కోసం యాంగోన్‌కి

యాంగోన్ వదిలి విశాఖపట్నం వచ్చి ముప్పై ఏళ్ళయింది. రమ్మని పిలిచేవాళ్ళు లేక కాదు, పిలిచిన ప్రతిసారీ పోర్టులో ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఈ వానాకాలం మొదట్లో పైడమ్మ ఫోను చేసింది. మేమిద్దరం అక్కడ ఒకే కాలేజీలో చదివాం. నేను ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్ని. "మన కాలేజీ జట్టుకి నన్ను హెడ్ కోచ్‌ని సేసినారు సూరీ. ఆకరాటకైనా రా," అంది. మగపిల్లల జట్టుకి ఆడమనిషి కోచ్ కావడం మా కాలేజీలో అదే మొదలు. ఈసారి నాకు సాకు దొరకలేదు. కోల్‌కతా మీదుగా టికెట్టు కొన్నాను.

పైడమ్మ ఇల్లు నది అవతల, దలాలో. ఆట ఉన్న రోజు ఉదయం ఆరున్నరకి పన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కాను. విదేశీయులకి టికెట్టు వేరు, పాస్‌పోర్టు చూపించాలి. ఇదే రేవులో ఒకప్పుడు పరుగెత్తి పడవలోకి దూకేవాణ్ణి. ఇప్పుడు పరాయివాళ్ళ వరసలో నిలబడి పాస్‌పోర్టు తీశాను. దాటడానికి పది నిమిషాలు. ఉడికించిన పిట్టగుడ్లు అమ్మే ఆమె, డీజిలు వాసన, బురదరంగు నీళ్ళు, ఏవీ మారలేదు. అవతలి గట్టున సైకా ఎక్కాను, పక్కన సీటు బిగించిన సైకిల్ రిక్షా. తుప్పు పట్టిన నా బర్మా భాషలో అడ్రసు చెప్పేసరికి తొక్కేవాడు నవ్వాడు. "ఫుట్‌బాల్ సయామా ఇల్లా? పిల్లల్ని బురదలో దొర్లిస్తుంది, ఆవిడేగా?" సయామా అంటే టీచరమ్మ.

పైడమ్మ జుట్టు సగం నెరిసింది, గొంతు మాత్రం అదే. చేపల పులుసులో సేమ్యాలాంటి నూడుల్స్ వేసిన మొహింగా గిన్నె నా ముందు పెట్టి, "ముందు తిను, తరవాత మాటాడు," అంది. తింటుండగా సీజన్ సంగతి తనే చెప్పింది. మొదటి మూడాటలూ ఓడిపోయారు. ఆడమనిషి మాట వినమని కెప్టెనే ప్రాక్టీసు మానేశాడు. గోల్‌కీపర్ జో వాళ్ళదీ దలాయే. తొలి ఆటలో చేతిలోకొచ్చిన బంతి జారవిడిచాడని వాణ్ణి తీసెయ్యమన్నారు.

"తీసేత్తే ఇంకేటి నేర్సుకుంతాడు? వోడెక్కిన ఫెర్రీ ఒచ్చీదాకా ప్రాక్టీసు మొదలెట్టలేదు. రోజూ వోడితో నానూ బురదలో పడినాను," అంది మోచేతి మీద గీసుకున్న గుర్తు చూపిస్తూ. ఒక రోజు కెప్టెన్ మైదానం గోడవతల నిలబడి ఇదంతా చూశాడట. మర్నాడు బూట్లు తెచ్చుకున్నాడు.

నేను చెంచా కింద పెట్టాను. కాలేజీ రోజుల్లో మేం గోల్‌కీపర్ని ఎంచుకునే పోటీకి పైడమ్మ కూడా వచ్చింది. నేను కొట్టిన పెనాల్టీ ఆపింది, ఒకటి కాదు, రెండు. అయినా జాబితాలో ఆమె పేరు రాయలేదు. సీనియర్లు నవ్వుతారని భయం. "ఆడపిల్లలు ఆడకూడదని కాలేజీ రూలుంది," అని చెప్పాను. అలాంటి రూలేం లేదు.

ఆట మూడింటికి, ఇన్సేన్ వైపు మైదానంలో. మళ్ళీ నది దాటి వచ్చి, జట్టుతోపాటు పన్నెండున్నరకి సెంట్రల్ స్టేషన్లో ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలెక్కాం. దాదాపు గంట ప్రయాణం, బస్సు కంటే చవక. డ్రా చేసినా పై డివిజన్లో మిగులుతారు, ఓడితే కిందికే. చివరి నిమిషాల దాకా చెరో గోలు. అప్పుడు అవతలివాళ్ళకి కార్నర్ వచ్చింది. జో ఎగిరాడు, తడి గడ్డి మీద కాలు జారింది, బంతి లోపలికి వెళ్ళిపోయింది.

విజిల్ మోగాక వాడు గోలు ముందే కూలబడ్డాడు. పైడమ్మ లేవబోయి ఆగింది. అప్పటికే కెప్టెన్ వెళ్ళి చెయ్యందించి వాణ్ణి లేపాడు. ఇద్దరూ ఆమె దగ్గరికి వచ్చారు. "సయామా, రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?" అడిగాడు కెప్టెన్. సీజన్ అయిపోయిందని ఎవరూ గుర్తు చెయ్యలేదు. "ఫెర్రీ రాగానే," అంది ఆమె.

తిరుగు రైల్లో కిటికీ పక్కన ఇద్దరమే కూర్చున్నాం. "పైడమ్మా, అప్పుడు ఆ రూలు..." అన్నాను.

"నేదని నాకు తెల్దనుకున్నావేటి? ఆ వారమే ఆపీసుకెల్లి అడిగినాను."

"మరి నన్నెందుకు నిలదీయలేదు?"

"నువ్వే సెప్తావేమోనని సూసినాను. విసాపట్నం ఎల్లిపోనావు," అంది. "ఒచ్చినావు గదా. సెప్పినావు గదా. ఇంక వొగ్గీ."

వదిలెయ్యమనడం ఆమెకి తేలికేమో, నాకు కాదు. ఆ సాయంత్రం హోటల్లో బ్యాగు సర్దుతూ కూడా అదే ఆలోచించాను. నేను వదిలొచ్చింది ఊరినే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. ఒక మనిషికి చెప్పాల్సిన మాట కూడా వదిలేసి వచ్చానని ఒప్పుకోలేదు. ఆమె చేతిలో ఆ జట్టు కింది డివిజన్‌కి పడింది. నా చేతిలో ఉన్నప్పుడు కప్పు గెలిచింది. రెండిట్లో ఏది మంచి జట్టని ఇప్పుడెవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పగలను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి ఒక్క సలహా. పాతవాళ్ళని చూడ్డానికి వెళ్తుంటే తిరుగు టికెట్టు ఒక రోజు ఆలస్యంగా ఉండేలా కొనండి. నా విమానం మర్నాడు పొద్దున్నే. నేను ఎయిర్‌పోర్టులో బ్యాగు తూకానికి పెట్టే వేళకి ఆ పిల్లలు ప్రాక్టీసుకి మైదానంలో దిగి ఉంటారు.