కోడలి వీపు

బాడీబిల్డింగ్ పోటీకి వెళ్తానని మా కోడలు అన్నప్పుడు నేనేం నోరు మూసుకుని కూర్చోలేదు. "పెళ్లాం కండలు పెంచుతుంటే చూస్తూ ఊరుకుంటావుట్రా?" అని మా అబ్బాయిని కడిగిపారేశాను. వాడు ఇస్త్రీపెట్టె దించకుండానే, "చూస్తూనే ఉన్నానమ్మా, రెండు కళ్లూ చాలట్లేదు" అన్నాడు. సిగ్గులేని సంత!

మాది లాండ్రీ. హోటళ్ల దుప్పట్లన్నీ మా దగ్గరికే వస్తాయి. నేనూ మా వాడూ చెరో పక్కా పట్టుకుంటే గానీ లేవని తడి దుప్పట్ల మూటను ఆ పిల్ల ఒక్కతే భుజాన వేసుకుని మేడ మీద ఆరేయడానికి తీసుకెళ్లేది. అది చూసే పక్కవీధి జిమ్ మాస్టారు ఈ పోటీల సంగతి చెవిన వేశాడు. నిరుడు వెళ్తే మొదట్లోనే వెనక్కి పంపేశారు. అన్నీ బాగున్నాయి కానీ వీపు చాలదన్నారట. ఇక ఏడాదంతా ఆ వీపు మీదే పడింది.

నేను వేయించిన చేప తింటుంటే ఎదురుగా కూర్చుని ఉప్పులేని కోడిమాంసం నమిలేది. చూడలేక నాకే ఒళ్లు మండేది.

"నీకు ఆకలెయ్యదుటే?"

"వేస్తోంది అత్తయ్యా. వెయ్యనీ అంటున్నా."

సాయంత్రం కొట్టు కట్టేశాక అద్దం ముందు నిలబడేది. చేతులెత్తి ఒళ్లంతా బిగించేది. కాళ్లు గజగజా వణికేవి, అయినా మొహాన నవ్వు చెదరకూడదట. బరువులెత్తడమే కష్టమనుకున్నాను ఇన్నాళ్లూ. ఏమీ ఎత్తకుండా అలా నిలబడటం చూశాక నా నోటికి తాళం పడింది.

పోటీ రోజున ముగ్గురం వెళ్లాం. దీపాల వెలుగులో కండలు స్పష్టంగా కనబడాలని ఒంటికి ముదురు గోధుమరంగు పూస్తారు. మాస్టారు పూసి, "ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి" అని ఎటో వెళ్లాడు. వీపు మీద ఒక చుక్క కిందికి జారి చార కట్టింది. మా వంశంలో మరక కనబడితే చెయ్యి ఆగదు. మా సుపుత్రుడు జేబురుమాలు తడిపి పరపరా రుద్దేశాడు. చార పోయింది. దాంతోపాటు అరచేతి మేర రంగంతా పోయింది.

"ఏం పనిరా అది, సన్నాసీ!"

"మరక కదా అని..."

కోడలు అద్దంలో చూసుకుంది. ఏడాది కష్టం ఆ తెల్లటి మచ్చలో కొట్టుకుపోయినట్టే. పెదవులు అదరడం మొదలైంది.

"ఏడిచావంటే ఊరుకోను! మొహం కూడా చారలవుతుంది" అని అరిచాను. సీసా అడుగున కాస్త రంగు మిగిలింది. స్పాంజితో అంచుల నుంచి లోపలికి పల్చగా అద్ది, విసిరి ఆరబెట్టి, మళ్లీ అద్దాను. ఒకే ఇంట్లో ఉంటున్నా ఆ వీపును ముట్టుకోవడం నాకదే మొదలు. ఊపిరి తీస్తుంటే వేళ్ల కింద కండ కదిలింది. అమ్మో, ఇది ఒక మనిషి పట్టుబట్టి కట్టుకున్న వీపు!

"కనిపిస్తోందా అత్తయ్యా?"

"కనిపిస్తే చూసినోళ్ల కళ్లు పీకుతాను. పద."

మేమిద్దరం హాల్లో వెనక వరుసలో కూర్చున్నాం. ఆడవాళ్లు వరసగా వచ్చి నిలబడ్డారు. వెనక్కి తిరగమన్నారు. మా కోడలు మెల్లగా చేతులెత్తి వీపు విప్పింది. ఆ చివర భుజం నుంచి ఈ చివర భుజం దాకా ఒక్కో కండా లేచి నిలబడింది. మార్కులు వేసే పెద్దమనిషి రాయడం మాని చూస్తూ ఉండిపోయాడు. తుది పోటీకి పిలిచినవాళ్లలో మొదటి నంబరు మా పిల్లదే.

మా వాడు తలెత్తలేదు. మోకాళ్ల మధ్య మొహం దాచుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మా, ఆ మచ్చ కనబడుతోందా?"

"ఏమోరా," అన్నాను, "వెతకడమే మరిచిపోయాను."