ఆగాతమ్మ పళ్ళెం

మా బావ పగిలిన పునీతులను బాగుచేస్తాడు. ముక్కు విరిగినా, చెయ్యి ఊడినా, రంగు వెలిసినా చర్చివాళ్ళు బొమ్మను ఆయన దగ్గరికే మోసుకొస్తారు. వాళ్ళ ముందుగది నిండా పునీతులే, చుట్టం వస్తే కూర్చోబెట్టడానికి చోటుండదు. ఇంతమంది పుణ్యాత్ముల మధ్య ఉండి కూడా నీకు ముక్కుమీదే కోపమేంటి బావా అని ఆటపట్టించేదాన్ని.

మా అక్కకు రొమ్ములో గడ్డ వచ్చి, డాక్టర్లు ఒక రొమ్ము తీసేశారు. అప్పటినుంచి బావకు మాటలు తగ్గిపోయాయి. వండి పెట్టేవాడు, వేళకు మందులిచ్చేవాడు, అక్కవైపు మాత్రం కన్నెత్తి చూసేవాడు కాదు. కట్టు మార్చడానికి రోజూ నేనే వెళ్ళేదాన్ని. గుడ్డ విప్పబోతే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు బొమ్మల గదిలోకి జారుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. అక్క దుప్పటి ఇంకాస్త పైకి లాక్కునేది.

ఆ రోజుల్లోనే ఆగాతమ్మ అనే పునీతురాలి బొమ్మ బాగుచెయ్యడానికి వచ్చింది. నమ్మిన దేవుణ్ణి వదలనన్నందుకు ఆమె రొమ్ములు కోయించాడట ఒక అధికారి. అందుకే బొమ్మ చేతిలో పళ్ళెం, అందులో రెండు రొమ్ములు. రొమ్ము జబ్బు వచ్చిన ఆడవాళ్ళు ఆమెనే వేడుకుంటారు. బావకు ఇదంతా కంఠతా వచ్చు. అయినా పళ్ళెంలోని రొమ్ములకు గోధుమరంగు పూసి, పైన గీతలు గీసి, రొట్టెల్లా మార్చేశాడు.

అక్క గోడ పట్టుకుని మెల్లగా వచ్చి చూసింది. ఇవేంటని అడిగింది. పదిమంది చూసేచోట బాగుండదని బావ గొణిగాడు.

"ఆవిడేం సిగ్గుపడట్లేదు కదండీ. పళ్ళెంలో పెట్టుకుని మరీ నిలబడింది" అంది అక్క. "నాక్కూడా ఏదో ఒకటి పూసి దాచెయ్యండి" అంది.

బావ తల వాల్చేశాడు. అంత మనిషి అలా కుంచించుకుపోతే, తిట్టాలనుకున్నవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు నేను వెళ్ళేసరికి గరుకు కాగితంతో ఆ రంగు గీకేస్తున్నాడు. నేను దూది తీసుకుని లోపలికి వెళ్తుంటే, చేతులు కడుక్కుని వెనకే వచ్చాడు. కట్టు ఎలా మార్చాలో చెప్పమన్నాడు. అక్క దుప్పటి వదల్లేదు. ఆ సిగ్గు ఆమెకు నేర్పింది తనేనని అప్పుడు తెలిసొచ్చినట్టుంది, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తప్పయిపోయింది" అన్నాడు.

చాలాసేపటికి అక్క దుప్పటి వదిలింది, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుని.