గంటల లెక్క తప్పిన అవధాని

రాజుల కొలువులు మట్టిలో కలిసి, వారు కట్టించిన కోటగోడల నీడన బెంగళూరు బస్సులు హారన్లు మోగించే కాలం వచ్చాక కూడా, వానలు కురిసిన ఏడూ కరవు కాటకాల ఏడూ ఒకే గొంతుతో పిల్లలకు ఛందస్సు చెప్పుకుంటూ వచ్చిన పెనుకొండ తెలుగు అయ్యవారు ఆంజనేయులుకు, యాభై ఏడో ఏట తన కుడిచేతి వణుకుకు తలవంచవలసి వచ్చింది.

ఆయన ఆస్తి అవధానం ఒక్కటే. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది దిక్కులకు లాగుతుంటే, వారడిగిన పద్యాలన్నిటినీ విడతకొక పాదంగా అల్లుతూ, నడుమ మోగే గంటలను మనసులోనే లెక్కించి, చివర అన్నీ అప్పజెప్పాలి. రెండేళ్లుగా ఆ పట్టు సడలింది. మూడో పాదం కుదిరేసరికి మొదటిది జారిపోయేది.

హిందూపురంలో డాక్టర్ అమృత ఆయన చేతిని చూసి, ఈ జారిపోవడం గురించే ఎక్కువసేపు అడిగింది.

"నుదురు వెనకాల ఉండే మెదడు అయ్యవారూ, విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచేది అదే. దానికి డోపమైన్ అనే రసాయనం కావాల. మీకది తగ్గిపోయింది. పూటకొక బిళ్ళ వేసుకోండి."

"రెండేసుకుంటే?"

"శెనక్కాయ చేనుకు వాన మాదిరి. తక్కువైతే కాయ కట్టే ఊడ నేలలోకి దిగదు, ఎక్కువైతే కాయ కుళ్ళిపోతుంది. ఒకటే!"

ఓబుళప్ప రిటైరైన హెడ్మాస్టరు. సొంతంగా ఒక్క పద్యం కట్టిన పాపాన పోలేదు గాని, ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ అవధానం జరిగినా గంట ఆయన చేతిలోనే. పెనుకొండ బస్టాండులో నలుగురూ వినేలా అన్నాడు:

"ఏమప్పా ఆంజనేయులూ, చెయ్యి అట్ల అల్లాడుతాండాదే, పద్యం కూడా అల్లాడుతుందా? ఇంట్లో కూర్చోరాదా?"

ఆంజనేయులుకు నరనరం మండింది. "ధర్మవరం సభలో నా అవధానం ఉండాది, గంట మీదే కదా సార్? ఒక్క లెక్క తప్పినా మళ్ళా అవధానిగా వేదిక ఎక్కను."

"మాటిచ్చినావు, గుర్తు పెట్టుకో. గుర్తుంటే!"

ఆ మాట ముల్లులా దిగింది. సభనాడు మధ్యాహ్నం భార్య భాగ్యశ్రీ ఒక బిళ్ళ చేతిలో పెట్టింది. ఆమె అటు తిరగగానే ఆయన రెండోది కూడా మింగాడు. జపం రెట్టింపైతే ఫలం రెట్టింపని నలభై ఏళ్లుగా నమ్మిన మనిషి. బిళ్ళకూ అదే ధర్మమనుకున్నాడు.

వేదిక మీద చెయ్యి రాయిలా నిలిచింది. ఓబుళప్ప ముఖం మాడింది. తొలి విడత పాదాలు జలజలా రాలాయి. రెండో విడతలో లోకమంతా ఒక్కసారిగా చెవుల్లోకి దూసుకొచ్చింది: ఫ్యాను కిర్రుమనడం, ముందు వరుసలో పట్టుచీరల గరగర, ఎవరిదో సెల్‌ఫోను. అన్నీ లోపలికి వచ్చాయి, ఏదీ నిలవలేదు. ఓబుళప్ప పామును కొట్టినట్టు గంట మీద గంట కొట్టాడు.

"చెప్పప్పా, గంటలెన్ని?"

తోచిన అంకె చెప్పి చూడవచ్చు. వాగ్దేవి పీఠం మీద కూర్చుని జూదమాడే నాలుక ఆయనకు లేదు.

"తెలీదు. డాక్టరమ్మ ఒకటి వేసుకోమంటే రెండు మింగినా. తప్పు నాదే."

"బిళ్ళలతో నిలబెట్టే పాండిత్యమా ఇది! దిగప్పా, దిగు!" ఓబుళప్ప పగలబడి నవ్వాడు. సభ కూడా నవ్వింది. వద్దని వారించిన పెద్దమనిషి ఒక్కడూ లేడు.

ఆంజనేయులు దిగాడు. దిగి తిన్నగా ఓబుళప్ప దగ్గరకు నడిచి, ఆయన చేతిలోని గంట తీసుకున్నాడు.

"ఇచ్చిన మాట ప్రకారం దిగినా. ఇంక గంట నేను కొడతా సార్. అవధాని కుర్చీ ఖాళీగా ఉండాది, పోయి కూర్చోండి. మీకు పద్యాలొద్దు. నేను నాలుగు ప్రశ్నలడుగుతా, వాటికి మీరు జవాబు చెప్తానే గంటలు లెక్కపెట్టండి, చాలు."

"నాకు బస్సు టైమయింది," అన్నాడు ఓబుళప్ప.

"ఇంకా నాలుగు బస్సులుండాయి, కూర్చోండి సార్!" ముందు వరుసలోంచి భాగ్యశ్రీ.

సభ ఈసారి ఓబుళప్పను చూసి నవ్వింది. ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటపడ్డాడు. ఆనాటి నుంచి ఏ సభకూ రాలేదు. ఆంజనేయులు మళ్ళీ అవధానిగా కూర్చోలేదు. గంట మాత్రం ఆయనదైంది. ఎవరి లెక్కయినా తప్పితే ఆయన నవ్వడు. సభలో నవ్వినవాణ్ణి లేపి ఆ కుర్చీలో కూర్చోబెడతాడు.

పూటకొక్క బిళ్ళతోనే ఆ నుదుటి వెనుక దీపం నిలకడగా వెలుగుగాక! భాగ్యశ్రీ పసుపుకుంకుమలు పదికాలాలు పచ్చగా ఉండుగాక! పరుల వణుకు చూసి నవ్వేవారి నీడ ఆ గడప మీద పడకుండుగాక!