అల్ సద్‌లో నా బండికి పడిన తాళం

ఖతార్‌లో, అల్ సద్ ప్రాంతంలోని ఒక క్లినిక్ ఏసీ బాగుచేసి కిందికి దిగేసరికి నా పికప్ ముందు చక్రానికి పసుపు రంగు ఇనుప తాళం బిగించి ఉంది. అద్దానికి ఒక కాగితం అంటించారు. ఇది ప్రైవేటు స్థలమని, అనుమతి లేకుండా బండి పెట్టినందుకు మూడు వందల రియాళ్ళు కట్టాలని రాసి, కింద బిల్డింగ్ పేరుతో ముద్ర వేసి ఉంది.

నాకు ఆ చోటు చూపించింది ఆ బిల్డింగ్ పార్కింగ్ సూపర్‌వైజరే. మా జిల్లా మనిషి. గంటన్నర కిందట "ఈడ పెట్టుకో తమ్మీ, ఏం గాదు" అన్నాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"నువ్వే గదనే పెట్టుమన్నవ్?" అన్నాను.

"నేనెప్పుడన్న? బోర్డు కనవడ్తలేదా? సదువు రాదా నీకు?" అని అక్కడున్న డ్రైవర్లందరికీ వినపడేలా నవ్వాడు.

ఇంకో చోట డ్యూటీ ఉంది. అతనికే డబ్బు కట్టి బండి విడిపించుకున్నాను. రసీదు అడిగితే కాగితమే రసీదన్నాడు. బండి ఎక్కబోతూ గోడ మీది 'నో పార్కింగ్' బోర్డు వైపు చూశాను. బోర్డు కింద నేల మీద తెల్లటి పొడి. రోజూ గోడలకు డ్రిల్ వేసేవాణ్ణి, అప్పుడే రాలిన పొడి అని తెలియదా? ఫోన్ తీశాను. పని మొదలుపెట్టే ముందు బండి ఫోటో పంపాలని మా కంపెనీ రూలు. పొద్దున తీసిన ఫోటోలో గోడ బోసిగా ఉంది.

అభ్యంతరాలు ఉంటే పంపమని కాగితం మీదున్న వాట్సాప్ నంబరుకు ఆ ఫోటో పంపాను. చూశారు. వెంటనే నన్ను బ్లాక్ చేశారు.

మా ఫోర్‌మన్ వదిలెయ్యమన్నాడు. మేముండే లేబర్ క్యాంపులో అన్నం ముందు కూర్చుంటే ఆ నవ్వే వినిపించేది. డబ్బు తిరిగి రావడం నాకు చాలదు. వాడి తల అదే డ్రైవర్ల ముందు వంగాలి.

రెండు రోజులకు మళ్ళీ క్లినిక్‌కు వెళ్ళి, రిసెప్షన్‌లో ఉండే కేరళ ఆవిడకు సంగతి చెప్పాను. ఆవిడ సొరుగులోంచి అలాంటివే తొమ్మిది కాగితాలు తీసింది. పేషెంట్లు తిట్టి ఆవిడ బల్ల మీద విసిరేసినవి. "బోర్డే లేదని పోయిన వారం ఒకాయన పెద్ద గొడవ చేశాడు, అందుకే బిగించినట్టున్నాడు" అని హిందీలో చెప్పింది. బిల్డింగ్ ఓనర్ ప్రతి గురువారం మోకాలి వైద్యానికి అక్కడికే వస్తాడని కూడా చెప్పింది.

గురువారం ఒక పూట సెలవు పెట్టి, నా బండిలోనే వెళ్ళాను. చేతికర్రతో వచ్చిన ఆ ముసలి ఖతారీ ముందు కాగితాలన్నీ పరిచి, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో చెప్పాను. ఆయన ఒక్కొక్కటే చూశాడు.

"నా బిల్డింగ్‌లో పార్కింగ్‌కు ఫులూస్ మాఫీ, డబ్బు తీసుకోవడమే లేదు. ఈ ముద్ర ఎవరిది?" అన్నాడు. సమాధానం కోసం ఆగకుండా లిఫ్టు వైపు నడిచాడు.

ఆయన్ను చూడగానే సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచాడు. ముద్ర ఎవరు చేయించారని ఓనర్ అడిగాడు. సూపర్‌వైజర్ నా వైపు తిరిగాడు.

"తమ్మీ, జర చెప్పరాదే. ఒక్క జిల్లోళ్ళం. పిల్లలున్నరు నాకు."

"మై తుమ్‌కో నహీ జాన్‌తా" అన్నాను. నువ్వెవరో నాకు తెలియదని హిందీలోనే అన్నాను, అక్కడున్న డ్రైవర్లందరికీ అర్థం కావాలని.

బోర్డు పీకెయ్యమన్నాడు ఓనర్. సూపర్‌వైజర్ దగ్గర పనిముట్టు లేదు. బండిలోని నా పెట్టెలోంచి స్క్రూ డ్రైవర్ తీసి చేతికిచ్చాను. నాలుగు స్క్రూలు విప్పేదాకా కదలకుండా నిలబడి చూశాను. అదే డ్రైవర్ల ముందు అతని తల వంగడం నాకెంత హాయినిచ్చిందో దాచను.

ఆ మధ్యాహ్నమే అందరి డబ్బూ ఓనర్ తిరిగి ఇప్పించాడు. అతను పనిచేసే కంపెనీ అతన్ని ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లోని ఒక లేబర్ క్యాంప్ గేటుకు మార్చింది. ఫోన్‌లో చెబితే మా ఆవిడ "అయ్యో, ఆయనకు గూడ ఇంట్ల పెండ్లాం పిల్లలుంటరు గదా" అంది. ఉంటారన్నాను.

పోయిన నెల ఆ క్యాంపులోనే ఏసీ పని పడింది. అతను గేటు దగ్గర ఎండలో నిలబడి బండ్ల నంబర్లు రాస్తున్నాడు. అద్దం దించి, నా నంబరు ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పాను. తలెత్తకుండా రాసుకున్నాడు. పనయ్యాక, బయటికి పోవడానికి వెనక గేటే దగ్గరి దారని అక్కడివాళ్ళు చెప్పారు. నేను మాత్రం నా నంబరు ఇంకోసారి రాయించడానికి చుట్టు తిరిగి అతని గేటుకే వచ్చాను.