ఏడాదికి ఒక్కపూట పెద్దమ్మ

మా మార్తమ్మత్త బగారన్నం దమ్ము మీద పెట్టిందంటే ఆ వాసనకు మౌలాలి గుట్ట మీది కోతులు నాచారం దాకా దిగి వచ్చేవి. కళ్లారా చూశాను. నమ్మనివాళ్లు పోయి కోతుల్ని అడగండి. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఆ రోజు మా హెడ్మాస్టరు ఏడ్చాడని కొందరంటారు, అదంతా పుకారు. ఆయన మిఠాయి పంచాడు. ఇక ఈ కథలో కోతులను వదిలేస్తే మిగతాదంతా జరిగిందే.

అత్త అంటే మా మేనమామ దేవానందం భార్య. నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. మామ ఒక కంపెనీలో లోడింగు పని చేసేవాడు, అత్త అదే కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోమేది. వంటమనిషి రాని రోజున గరిటె ఆమె చేతికిచ్చేవారు. ఆ రోజు సమ్మె చేద్దామని వచ్చిన యూనియన్ వాళ్లు కూడా తిని, చేయి కడుక్కుని, మళ్లీ పనిలోకి పోయేవారు. ఆమెకు ముగ్గురు కొడుకులని అందరికీ తెలుసు. ఒక కూతురు కూడా ఉందని మా ఇంటివాళ్లకే తెలుసు.

ఆ పిల్ల పేరు రూతు. అది పుట్టినప్పుడు అత్త జ్వరంతో ఒళ్లు తెలియకుండా దవాఖానాలో పడి ఉంది. పాలు పడలేదు. సరిగ్గా అప్పుడే ఆమె చెల్లెలికి బిడ్డ పుట్టి, పుట్టగానే పోయింది. పాలు మాత్రం మిగిలాయి. పసిదాన్ని తీసుకుపోయి మరదలి ఒళ్లో పెట్టింది మా మామే. అత్త కోలుకుని లేచేసరికి పిల్ల పిన్నమ్మ వాసనకు అలవాటు పడిపోయింది. "ఇయ్యి చెల్లె" అని చేతులు చాచిన అత్త, చెల్లెలి మొహం చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

ఆ చెల్లెలి పుట్టింటి పేరు ఏస్తేరు. చర్లపల్లిలో రైలు పట్టాల మీద గ్యాంగుమన్ పని చేసే జ్ఞానయ్యను చేసుకుని, అతని కతోలిక గుడిలో చేరి లూర్దమ్మ అయింది. అక్కాచెల్లెళ్లు ఒక మాట అనుకున్నారు. పిల్లకు ఏమీ చెప్పకూడదు. ఏటా కొత్త సంవత్సరం నాడు మార్తమ్మ పెద్దమ్మగా పోయి, తన చేతి వంట ఒక్కపూట తినిపించి రావచ్చు. మిగతా ఏడాదంతా ఆ గడప తొక్కకూడదు. అలా ఏళ్లు గడిచాయి. డిసెంబరు వచ్చిందంటే అత్త కాళ్లు నేల మీద ఆగేవి కావు. కాలెండరు వైపు ఆకలిగా చూసే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది చివర్లో జ్ఞానయ్యకు బదిలీ అయింది. బల్లార్షా అవతల ఎక్కడో. లూర్దమ్మ కబురు పంపింది: "కొత్త సంవత్సరం నాడు గుడికి పోయొచ్చినంక బయలెల్తం. రైలెక్కే ముందర వచ్చి పిల్లకు తినవెట్టి పో, అక్కా."

అత్త లెక్క వేసుకుంది. ఉప్పల్లో మా గుడికి పాదిరిగారు మిగతా సంఘాలన్నీ చూసుకుని వచ్చేవారు కాబట్టి ఆరాధన ముగిసేసరికి నడి మధ్యాహ్నం అయ్యేది. చెల్లెలి గుడీ అంతేననుకుంది. వాళ్ల పూజ కోడికూతకే అయిపోతుందని ఆమెకేం తెలుసు? ఆమె ఏనాడూ ఆ గుడి మెట్లెక్కలేదు.

ఆ పొద్దున సూర్యుడు లేవకముందే నాటుకోడి కూర, బగారన్నం వండింది. బెల్లం, కొబ్బరి కూరి గర్జెలు చేసింది. మా సంఘంలో ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉంది. కొత్త సంవత్సరం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం అందుకునేదాకా నోట్లో మెతుకు వేయరు, కూర రుచి కూడా చూడరు. ఉప్పు చేతి అంచనాతోనే పడుతుంది. అన్నం, కూర, పైన గర్జెలు సర్దిన సత్తు గిన్నెను గుడ్డలో మూటగట్టి అత్త గుడికి తెచ్చి, గోడవార తన పక్కనే పెట్టుకుంది.

నేను బయట చాయ్ హోటల్ దగ్గర ఉన్నాను. ప్రసంగం వింటే అందరికీ నిద్ర వస్తుంది. నేను ఎదురుగా కూర్చుంటే చెప్పేవాడికే వస్తుంది. అందుకని సంఘం మేలు కోరి బయటే ఉంటాను. అప్పుడు జ్ఞానయ్యతో పనిచేసే కనకరాజు సైకిలు దిగాడు.

"ఏందిరా సంజీవా, గీడ చాయ్ తాగుతున్నవ్? మీ జ్ఞానయ్య సామాన్లు పొద్దుగాలనే టేషన్ల ఏసి వస్తున్న. ప్యాసింజర్‌కు పోతున్నరు."

"మరి గుడికి పోరా?"

"పొయ్యొచ్చుడు కూడ అయిపాయె. ఇంటికి తాళమేసిన్రు."

నేను చాయ్ గ్లాసు అక్కడే వదిలి గుడిలోకి ఉరికాను. పాదిరిగారు రొట్టె చేతిలోకి తీసుకున్నారు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నేను సైగ చేశాను. అత్త ఒక కన్ను తెరిచి, ఇంటికి రా నీ సంగతి చెప్తా అన్నట్టు చూసింది.

"అత్తా, పోతున్నరు! రూతును తీస్కపోతున్నరు!"

ఆమె గిన్నెను రొమ్ముకు హత్తుకుని లేచింది. పక్కనున్న ముసలామె కొంగు పట్టుకుంది. "బల్ల ముందర నుంచి లేస్తవా మార్తమ్మా? పాపం తగుల్తది."

"తగలనీ" అని కొంగు లాక్కుంది.

నా సైకిలు వెనక క్యారియరు మీద అత్త, ఆమె ఒళ్లో గిన్నె. ఉప్పల్ దాటి, నాచారం దాటి తొక్కుతున్నాను.

"తొక్కు బిడ్డా, జర జల్ది తొక్కు."

"తొక్కుతున్న గదత్తా, గాలి ఎదురు గొడ్తున్నది."

"నీ నోరు ఆపు, గాలి అదే ఆగుతది."

మల్లాపూర్ ఎత్తు మీద చైను ఊడింది. నేను కిందికి వంగేసరికి ఆమె గిన్నె నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద పరుగెత్తుతోంది. పరుగెత్తే వయసు దాటిన మనిషి, చెప్పులు ఎక్కడో వదిలేసింది. చైను ఎక్కించి నేను అందుకుంటే ఎక్కడానికి ఆగలేదు. "నువ్వు తొక్కుకుంట రా, నేను ఉరుకుత" అంది. బతిమాలి ఎక్కించాను. దారంతా వెనక నుంచి ఒకటే మాట వినబడుతోంది: "ప్రభువా, బండి ఆపు. ప్రభువా, బండి ఆపు."

రైలుబండి ఆలస్యమైంది. మన రైల్వేవాళ్లను నేను చాలా తిట్టాను గానీ ఆ రోజు ఇంజను డ్రైవరు కనిపిస్తే కాళ్లు మొక్కేవాణ్ని.

చర్లపల్లి ప్లాట్‌ఫారం మీద బిందెలు, బొంతలు, చుట్టిన చాప. వాటి మధ్య కొత్త గౌనులో రూతు. "పెద్దమ్మా!" అని ఎదురొచ్చింది. జ్ఞానయ్య మమ్మల్ని చూసి, టికెట్లు సరిచూసుకోవాలన్నట్టు అవతలికి పోయాడు. లూర్దమ్మ మొహంలో రక్తం లేదు.

అత్త నేల మీద కూర్చుని గిన్నె విప్పి ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల నమిలి మొహం చిట్లించింది.

"ఉప్పు ఎక్కువైంది పెద్దమ్మా."

లూర్దమ్మకు ఆపుకోలేని నవ్వు వచ్చింది. "ఇంక గట్లనే జేస్తున్నవా అక్కా? మద్యానం బల్ల అందుకునేదాక నాలిక మీద ఏస్కోవు గదా. మనమ్మ కూడ గిట్లనే..."

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అత్త చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఎరుకే గద నీకు" అంది మెల్లగా. "మన గుడి ఎప్పుడైతదో నీకెరుకే. మరి గట్లెందుకు కబురంపినవ్, ఏస్తేరూ? నేను వచ్చేసరికి తాళం సూడాల్ననా?"

లూర్దమ్మ పిల్లను చాప దగ్గరికి తరిమి, అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బుగులైతుందక్కా. అద్దం ముందర నిలవడి అడుగుతది, పెద్దమ్మ ముక్కు నా ముక్కు ఒక్క తీర్గనే ఎందుకున్నయని. ఈ ఏడు అడిగింది. వచ్చే ఏడు ఎరుకైతది. నీకు ముగ్గురున్నరు. నాకు..."

"పోనీ, నాకియ్యి ఏస్తేరూ. దూరదేశం పోతున్నవ్. ఈడనే ఉంచు. నేను నీ పేరు మీదనే పెంచుత. నీ కాళ్లు పట్టుకుంట."

పట్టుకుంది కూడా. అక్క చెల్లెలి కాళ్లు పట్టుకోవడం, చెల్లెలు ఆ చేతులు విడిపించుకోలేక అక్క నెత్తి మీద తల ఆనించి ఏడవడం ప్లాట్‌ఫారం అంతా చూసింది. రూతు భయపడి ఉరికి వచ్చి లూర్దమ్మ మెడను వాటేసుకుంది.

"అమ్మా, ఏడ్వకే. పెద్దమ్మ కొట్టిందా నిన్ను?"

అత్త చేతులు వదిలేసింది.

బండి వచ్చింది. సామాన్లు ఎక్కించాను. రూతు కిటికీలోంచి, "గర్జెలు ఇయ్యలే పెద్దమ్మా" అంది. అత్త గిన్నె అందివ్వబోయింది, బండి కదిలింది. ఆమె నడిచింది, పరుగెత్తింది, ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకే తెలియదు. తలుపు దగ్గర జ్ఞానయ్య చేయి చాచాడు. టికెట్టు లేకుండా, చెప్పులు లేకుండా మా అత్త బండెక్కిపోయింది.

తర్వాతి స్టేషను ఘట్‌కేసర్. నేను సైకిలెక్కి రైలుతో పందెం వేశాను. గెలిచానని చాలాచోట్ల చెప్పాను, నిజానికి దాని పొగ కూడా అందలేదు. నేను చేరేసరికి బండి ఎప్పుడో పోయింది. అత్త వేపచెట్టు కింద ఖాళీ గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. టికెట్టు కలెక్టరు ఆమెను చూసి ఏమీ అడగకుండా లోపలికి పోయాడట.

"చెప్పినవా అత్తా పిల్లకు?"

"ఏం జెప్పాలె? తినవెట్టిన. జడ ఊడిపోతే ఏసిన. నా ఒళ్ల కాళ్లు పెట్టి కూసున్నది."

"వాళ్లు పొయ్యే ఊరు పేరేంది? అడిగినవా?"

"అదే చెప్పబోయింది, లూర్దు. నేను దిగుతుంటె చెయ్యి పట్టుకుని, అక్కా, ఫలానా టేషను, ఏటా రా అని చెప్పబోయింది."

ఎప్పుడూ ఏస్తేరనే పిలిచే ఆమె చెల్లెల్ని లూర్దు అనడం నేను అదే మొదటిసారి విన్నాను.

"మరి ఏ టేషను?"

"చెవులు మూసుకున్న."

"అత్తా! పిచ్చిదానివా? ఊరు తెల్వకపోతే మళ్ల ఎట్ల పోతవ్?"

"తెలిస్తె పోత బిడ్డా" అంది. "పోతె ఏదో ఒక ఏడు నోరు జారుత. అప్పుడు దానికి ఏ అమ్మా మిగలదు."

సైకిలు తిప్పాను. చాలాసేపటి దాకా ఆమె ఎక్కలేదు. పట్టాల వైపు వీపు పెట్టి, హ్యాండిలు ఒక చేత్తో పట్టుకుని, నా పక్కనే ఉత్త కాళ్లతో నడిచింది.